ఫోటో అప్‌లోడ్ చేసే ముందు కొలత చూసుకోవడానికి స్క్వూష్: మా సెంటర్‌లో రోజూ వాడుతున్న అనుభవం

దిల్‌సుఖ్‌నగర్‌లో మాది చిన్న ఆన్‌లైన్ సెంటర్. చుట్టూ బ్యాంక్ కోచింగ్‌లు, హాస్టళ్లు ఉన్నాయి కాబట్టి నోటిఫికేషన్ పడిందంటే చాలు, మెట్రో దిగి నేరుగా మా దగ్గరికే వచ్చేస్తారు. పేరు, అడ్రస్, మార్కులు నింపడం పది నిమిషాల పని. అసలు తలనొప్పి అంతా ఫోటో, సంతకం అప్‌లోడ్ దగ్గరే. అందుకే ఈ పనికి మేం వాడే స్క్వూష్ అనే ఫోటో చిన్నది చేసే వెబ్‌సైట్ గురించి వివరంగా రాస్తున్నాను. ఇది ఉచితం, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, స్క్వూష్ డాట్ యాప్ (squoosh.app) అని బ్రౌజర్‌లో కొడితే తెరుచుకుంటుంది. ఇంత పనికొచ్చే వస్తువు మన వీధుల్లోని సెంటర్లలో చాలామందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ముందు అసలు సమస్య చెప్తాను. వచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, "అన్నా, జర కేబీ తగ్గించి ఇయ్యవా" అని. అందరి దృష్టి కేబీ మీదే. కానీ ఫారం అడిగేవి రెండు వేర్వేరు సంగతులు. పిక్సెల్స్ అంటే ఫోటో ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అని. కేబీ అంటే ఆ ఫైల్ ఎంత బరువు అని. 4000 పిక్సెల్స్ ఎత్తున్న ఫోటోను కూడా బాగా కుదిస్తే కేబీ తగ్గుతుంది, కానీ కొలత అలాగే ఉంటుంది, ఫారం మళ్లీ తిప్పి కొడుతుంది. అప్పుడు పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది, కేబీ ఇంకా తగ్గిస్తారు, ముఖం మసకబారుతుంది, అయినా ఫారం తీసుకోదు. చివరి తేదీ సాయంత్రం ఇదే జరిగితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు, సైట్ అప్పటికే నత్తనడకన ఉంటుంది, ఒక్కో అప్‌లోడ్‌కు తిరుగుతున్న చక్రం చూస్తూ కూర్చోవాలి, ఆ తర్వాత "ఇన్‌వ్యాలిడ్ ఇమేజ్" అని ఒక ఎర్ర అక్షరాల లైను. ఎందుకు పనికిరాదో చెప్పదు. కాబట్టి మా దగ్గర పద్ధతి ఏమిటంటే, ఫోటో ఎక్కడికైనా పంపే ముందు మన కంప్యూటర్‌లోనే దాని కొలత చూసుకోవాలి. ఇందులో బేరం లేదు.

కేవలం కొలత చూడ్డానికైతే స్క్వూష్ కూడా అక్కర్లేదు. ఫోటో ఫైల్‌ని మౌస్‌తో లాగి క్రోమ్‌లో ఖాళీ ట్యాబ్ మీద వదలండి. ఫోటో తెరుచుకుంటుంది, పైన ట్యాబ్ పేరు దగ్గర ఫైల్ పేరు పక్కనే బ్రాకెట్లో 3000×4000 అని ఉంటుంది. మొదటి అంకె వెడల్పు, రెండోది ఎత్తు. ట్యాబ్ ఇరుగ్గా ఉండి కనిపించకపోతే దాని మీద మౌస్ పెట్టి ఆపండి, మొత్తం చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ ఇలాగే ఉంటుంది, అదైతే జేపెగ్ ఇమేజ్ అని ఫైల్ రకం కూడా చెప్తుంది. నెట్ ఆగిపోయినా ఇది పనిచేస్తుంది, ఎందుకంటే ఫైల్ మన కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోలేదు. మా దగ్గర కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి మొదటిరోజు నేర్పేది ఇదే.

ఇక స్క్వూష్. గూగుల్ క్రోమ్ ల్యాబ్స్ వాళ్లు 2018లో విడుదల చేశారు, కోడ్ అంతా ఓపెన్ సోర్స్. ఫోటోను పేజీ మీద లాగి వదలొచ్చు, లేదా కాపీ చేసి కంట్రోల్ వీ కొట్టొచ్చు. తెర మధ్యలో నిలువుగా ఒక గీత వస్తుంది, ఎడమవైపు అసలు ఫోటో, కుడివైపు మార్చిన ఫోటో. ఆ గీతను అటూ ఇటూ జరుపుతుంటే ముఖం ఎక్కడ పాడైందో కంటికి తెలుస్తుంది. కింద మార్చిన ఫైల్ ఎన్ని కేబీ అయిందో, ఎంత శాతం తగ్గిందో కనిపిస్తుంది. సేవ్ చేశాక తెలియడం కాదు, స్లైడర్ కదిపిన క్షణంలోనే అంకె మారుతుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఇది.

ఒక ఫోటో తీసుకుని చెప్తాను, అర్థమవుతుంది. ఐబీపీఎస్ బ్యాంక్ పరీక్షల ఫారంలో ఫోటో 200×230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలంటారు. పిల్లాడు ఫోన్‌లో తీసుకొచ్చింది 3000×4000. స్క్వూష్‌లో కుడివైపు రీసైజ్ స్విచ్ వేయగానే వెడల్పు, ఎత్తు గడుల్లో అసలు కొలతలు వాటంతటవే వచ్చేస్తాయి. వెడల్పు గడిలో 200 కొడితే ఎత్తు దానంతటదే 267 అవుతుంది. అక్కడే దొరికిపోయింది. మనకు కావాల్సింది 230, వచ్చింది 267, అంటే ఈ ఫోటో నిష్పత్తే వేరు, ముందు పైనా కిందా కత్తిరించాలి. 3000 వెడల్పుకు 3450 ఎత్తు ఉంటే సరిగ్గా కుదురుతుంది. ఈ ముక్క తెలియక చాలామంది కింద ఉన్న మెయింటైన్ యాస్పెక్ట్ రేషియో (నిష్పత్తి మారకుండా ఉంచేది) టిక్ తీసేసి రెండు గడుల్లో 200, 230 కొట్టేస్తారు. ఫారం తీసుకుంటుంది, నిజమే. కానీ ముఖం అడ్డంగా సాగి ఉబ్బిపోయినట్టు ఉంటుంది, రేపు పరీక్ష హాల్లో ఆ ఫోటోనూ మనిషినీ పోల్చి చూస్తారు కదా. కత్తిరించాక 200కు 232 వచ్చిందనుకోండి, అప్పుడు టిక్ తీసి 230 కొట్టండి, రెండు పిక్సెల్స్ తేడా ఎవరి కంటికీ కనపడదు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. 200×230 అంటే చాలా చిన్న ఫోటో. స్క్వూష్ మామూలుగా మోజ్‌జేపెగ్ అనే జేపెగ్ కుదింపు పద్ధతిలో క్వాలిటీ 75 పెట్టి చూపిస్తుంది, దాంతో ఫైల్ చాలాసార్లు 20 కేబీ కంటే కిందికి పడిపోతుంది. ఎక్కువైతేనే తప్పు అనుకుంటాం గానీ తక్కువైనా ఫారం తీసుకోదు. క్వాలిటీ స్లైడర్ పైకి జరుపుతూ పోండి, 90 దాటాక అంకె గబగబా పెరుగుతుంది, 20 దాటి కాస్త పైన ఆపండి. సంతకం 140×60, 10 నుంచి 20 కేబీ. ఫోన్ అడ్డంగా పట్టుకుని తీసిన సంతకానికి వెడల్పు 140 కొడితే ఎత్తు 105 వస్తుంది, అంటే చుట్టూ తెల్ల కాగితం ఎక్కువ ఉందన్నమాట, సంతకం చుట్టూ దగ్గరగా కత్తిరించాలి. ఎడమ బొటనవేలి ముద్ర 240×240. చేతిరాత డిక్లరేషన్ 800×400. ముద్ర విషయంలో ఒక్క మాట, ఇంకు మరీ ఎక్కువైతే గీతలు కలిసిపోయి నల్లటి మచ్చలా వస్తుంది, దాన్ని ఏ టూలూ బాగుచేయలేదు, మళ్లీ వేయించడమే. ఈ కొలతలు నోటిఫికేషన్‌లో మళ్లీ ఒకసారి చూసుకోండి, నేను రాశానని గుడ్డిగా కొట్టేయకండి.

అమెరికా వీసా వాళ్లదీ ఇదే గోల, కాకపోతే కొలత వేరు. డీఎస్-160 ఫారంలో ఫోటో చతురస్రంగా ఉండాలి, కనీసం 600×600, గరిష్ఠం 1200×1200, జేపెగ్, 240 కేబీ దాటకూడదు. తల ఎత్తు ఫోటో ఎత్తులో 50 నుంచి 69 శాతం మధ్య ఉండాలి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ కోసం ఫారం నింపే పిల్లలు ఇంట్లోనే ఫోటో తీసుకుని వస్తారు, నిలువుగా 3000×4000. ఫోన్ గ్యాలరీలోనే ఒకటికి ఒకటి నిష్పత్తిలో కత్తిరించి, స్క్వూష్‌లో వెడల్పు 1200 కొట్టి చూస్తే ఎత్తు కూడా 1200 రావాలి. అది వచ్చిందంటే సగం పని అయినట్టే. స్క్వూష్‌లో కంటెయిన్ అని ఒక ఆప్షన్ ఉంది, నిష్పత్తి టిక్ తీసేస్తే కనిపిస్తుంది, అది సాగదీయకుండా మధ్య భాగం ఉంచి అంచులు తీసేస్తుంది. కానీ మనిషి తల ఫోటోలో కాస్త పైన ఉంటే నెత్తి తెగిపోతుంది. వీసా ఫోటోకు దాన్ని వాడొద్దు, చేత్తోనే కత్తిరించుకోండి.

ఇప్పుడు నేను దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి అసలు కారణం. ఫోటో రీసైజ్ అని వెతికితే బోలెడు సైట్లు వస్తాయి. అక్కడ ఫోటో పెట్టగానే అది వాళ్ల సర్వర్‌కు వెళ్తుంది, అక్కడ చిన్నదై తిరిగొస్తుంది. ఇంటర్‌నెట్ సెంటర్లలో జనం వాటిలో ముఖం ఫోటో మాత్రమే పెట్టరు, సంతకం, వేలిముద్ర, ఆధార్, పదో తరగతి మెమో అన్నీ పెడతారు. ఒక మనిషి సంతకమూ వేలిముద్రా ఊరూ పేరూ తెలియని సర్వర్‌లో ఎందుకుండాలి? కొన్ని రోజుల్లో తీసేస్తామని రాసుకుంటారు, తీశారో లేదో మనం చూడబోయామా? ఆ సైట్లలో డౌన్‌లోడ్ అని రాసున్న బటన్లు సగం ప్రకటనలే, నొక్కితే ఇంకేదో దిగుతుంది. ఒక సైట్‌లో మా కస్టమర్ చిన్నది చేసుకున్న ఫోటో కింద మూలన ఆ సైట్ పేరు ముద్ర పడి వచ్చింది, పాపం ఆ అమ్మాయి అది గమనించకుండానే ఫారంలో పెట్టేసింది. స్క్వూష్‌లో ఈ భయం లేదు. పని అంతా మన బ్రౌజర్‌లోనే జరుగుతుంది, ఫోటో సర్వర్‌కు వెళ్లదు. ఒకసారి తెరిచాక నెట్ తీసేసి చూడండి, అప్పుడూ నడుస్తుంది. ఎంతమంది వాడారు, ఫైల్ సైజు ఎంత నుంచి ఎంతకు తగ్గింది లాంటి లెక్కలు గూగుల్ అనలిటిక్స్‌కు వెళ్తాయని వాళ్లే రాశారు, ఫోటో మాత్రం వెళ్లదు. ఇంకో లాభం కూడా ఉంది, ఫోన్ ఫోటోలో దాగి ఉండే లొకేషన్ లాంటి వివరాలు స్క్వూష్ నుంచి బయటికొచ్చే ఫైల్‌లో ఉండవు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, కొన్ని పెద్దవే. కత్తిరించే సౌకర్యం లేదు. ఇది నాకు అస్సలు మింగుడుపడదు, రీసైజ్ ఇచ్చి క్రాప్ ఇవ్వకపోతే మనవాళ్లకు సగం పనే అయినట్టు, ఫోన్‌లోనో విండోస్ ఫొటోస్‌లోనో ముందే కత్తిరించుకుని రావాలి. రెండోది, 45 కేబీ కావాలి అని నేరుగా చెప్పే గడి లేదు, స్లైడర్ జరుపుతూ అంకె చూసుకోవాల్సిందే. ఒక్కో ఫోటోనే పడుతుంది, అన్నీ ఒకేసారి వేయలేం. అంతా ఇంగ్లిష్‌లో ఉంటుంది, అవిఫ్, వెబ్‌పీ, ఆక్సీపీఎన్‌జీ అని ఫైల్ రకాల పేర్లు చూసి కొత్తవాళ్లు బెదిరిపోతారు. ఫారాలకు ఎప్పుడూ మోజ్‌జేపెగ్ ఒక్కటే ఉంచండి, జేపీజీ ఫైల్ వస్తుంది, మిగతావి ముట్టుకోకండి. వెబ్‌పీలో ఫైల్ చిన్నగా వస్తోంది కదా అని ఆశపడితే ఫారం తీసుకోదు.

పాత కంప్యూటర్లలో బరువుగా కూడా ఉంటుంది. దానికి కారణం ఉంది. ఫైల్ 3 ఎంబీనే కదా అనుకుంటాం, కానీ తెరిచాక ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు కావాలి, 3000×4000 అంటే కోటి ఇరవై లక్షల పిక్సెల్స్, అంటే దాదాపు 48 ఎంబీ మెమరీ. ఇప్పుడొచ్చే ఫోన్లలో 50 మెగాపిక్సెల్ మోడ్ పెట్టి తీస్తే అది 200 ఎంబీ. మా సెంటర్‌లో నాలుగు జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌లో అలాంటి ఫోటో వేస్తే కాసేపు బిగుసుకుపోతుంది. ఫారం కోసం తీసే ఫోటోకు ఆ మోడ్ దండగ, మామూలు మోడ్ చాలు.

ఐఫోన్ వాళ్లు వస్తే ఇంకో చిక్కు. ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ ఫోటోలను హెచ్‌ఈఐసీ అనే రకంలో దాస్తుంది. కేబుల్ పెట్టి అలాగే తెచ్చుకుంటే క్రోమ్‌లో తెరుచుకోదు, స్క్వూష్ కూడా తెరవలేదు. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌కు వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెట్టి మళ్లీ తీసుకుంటే గొడవ ఉండదు. అందరూ వాట్సాప్‌లో పంపేస్తారు గానీ, మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను చిన్నది చేసేస్తుంది, మా దగ్గరికి ఎక్కువగా 1200×1600 లాగా వస్తాయి. 200×230 ఫారానికి అది సరిపోతుంది. కానీ గ్రూప్ ఫోటోలోంచి ముఖం ఒక్కటీ కత్తిరిస్తే 150 పిక్సెల్సే మిగలొచ్చు, దాన్ని స్క్వూష్‌లో 200కు పెంచినా, 600కు పెంచినా అంకె పెరుగుతుందే గానీ స్పష్టత రాదు. ఉన్నదాన్ని తగ్గించవచ్చు, లేనిదాన్ని తేలేం. అసలు ఫోటో కావాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, కొలత మారకుండా వస్తుంది.

ఫారాల సైట్లు తయారుచేసే వాళ్లు హైటెక్ సిటీ, గచ్చిబౌలి నిండా ఉన్నారు కాబట్టి వాళ్లకు ఒక మాట. మేం చేత్తో చేసే ఈ తనిఖీ మీ పేజీలోనే జరగొచ్చు. మా తమ్ముడు మాదాపూర్‌లో ఇదే పనిలో ఉన్నాడు, వాడిని కూర్చోబెట్టి అడిగితే చేసి చూపించాడు. మనం ఫైల్ ఎంచుకోగానే బ్రౌజర్ ఆ పేజీకి ఫైల్ పేరు, రకం, ఎన్ని బైట్లు అన్నది ఇస్తుంది, వెడల్పు ఎత్తు ఇవ్వదు. అందుకే ఎక్కువ సైట్లు కేబీ మాత్రం వెంటనే చూసి, కొలత సంగతి సర్వర్‌కు వదిలేస్తాయని వాడన్నాడు, నాకు అప్పుడు వెలిగింది. కొలత కావాలంటే ఫోటోను బ్రౌజర్‌లోనే తెరవాలి. క్రియేట్ ఆబ్జెక్ట్ యూఆర్‌ఎల్‌తో ఫైల్‌కు తాత్కాలిక అడ్రస్ ఇచ్చి, దాన్ని ఒక ఇమేజ్‌కు తగిలించి, అది లోడ్ అయ్యాక నేచురల్ విడ్త్, నేచురల్ హైట్ చదివితే అయిపోయింది. లోడ్ అవ్వకముందే చదివితే సున్నా వస్తుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కడే చిక్కుకుంటారట. చదివాక ఆ తాత్కాలిక అడ్రస్ తీసేయాలి, లేకపోతే మెమరీ పట్టుకునే ఉంటుంది. ఎవరైనా బ్రౌజర్‌ను దాటేసి నేరుగా పంపొచ్చు కాబట్టి సర్వర్‌లో మళ్లీ చూడడం మానకూడదు, అది సరే. కానీ నిజాయితీగా ఫారం నింపుకునే పిల్లకు "మీ ఫోటో 3000×4000 ఉంది, మాకు 200×230 కావాలి" అని ఫైల్ ఎంచుకున్న క్షణంలో ఒక్క లైను చూపిస్తే, హాస్టల్ వైఫై మీద ఒకటే ఫోటోను మళ్లీ మళ్లీ ఎక్కించే బాధ తప్పుతుంది. డబ్బు కట్టే పేజీ దాకా పోయాక వెనక్కి తోసేయడం న్యాయం కాదు.

ఎవరికి పనికొస్తుందంటే, ఫారాలు నింపే సెంటర్లకు, ఇంట్లో ఒకటి రెండు అప్లికేషన్లు సొంతంగా పెట్టుకునే పిల్లలకు కళ్లు మూసుకుని చెప్పొచ్చు. పెళ్లి ఫోటోలు వందల్లో ఉన్నవాళ్లకు ఇది కుదరదు, ఒక్కోటి వేసుకుంటూ కూర్చోలేరు. ఫోన్ బ్రౌజర్‌లో కూడా నడుస్తుంది గానీ చిన్న తెర మీద గీత జరుపుతూ పోల్చడం ఇబ్బంది, వీలుంటే కంప్యూటర్‌లోనే చేయండి. అయిదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ ఒక్క స్టార్ క్రాప్ లేనందుకు. మార్చిన ఫైల్‌ను వేరే పేరుతో దాచుకోండి, అసలు ఫోటోను చెరపకండి, ఎందుకంటే తర్వాతి నోటిఫికేషన్ ఇంకో కొలత అడుగుతుంది, 200×230 నుంచి 600×600 తీయడం ఎవరి వల్లా కాదు.